రాజీ కాగితంపై సంతకం పెట్టేముందు...

నర్సీపట్నంలో ఒక దర్జీ ఉన్నాడనుకుందాం. వయసు 34. భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లి. అద్దె కొట్టులో ఒక కుట్టు మిషను. రంజాను నెలలో అర్ధరాత్రి దాటినా ఆ మిషను మీద కాలు ఆగదు. మిగతా రోజుల్లో ఎంత పని వస్తే అంత సంపాదన. ఒక శుక్రవారం జుమా నమాజు చదువుకొని, తునిలో బంధువుల ఇంటికి మోటారు సైకిలు మీద బయలుదేరాడు. లంబసింగి చూసి తిరిగి వెళుతున్న ఒక కారు, ముందున్న లారీని మలుపులో దాటబోయి ఇతన్ని గుద్దింది. కుడికాలి ఎముక రెండు చోట్ల విరిగింది.

ఆసుపత్రిలో ఇంకా కట్టు కట్టకముందే కారు తాలూకు మనిషి వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "భాయ్, జరిగిందేదో జరిగిపోయింది. ఖర్చులకు ఈ 25 వేలు ఉంచండి. కేసు అంటే మీరూ తిరగాలి, మేమూ తిరగాలి" అన్నాడు. పక్కనే ఉన్న పెద్దాయన కూడా "అల్లాహ్ ప్రాణం నిలిపాడు బేటా, అదే పదివేలు. సంతకం పెట్టేయ్" అన్నాడు. తెల్ల కాగితం మీద అప్పటికే రాసి ఉంది: మాకు ఎవరిమీదా ఫిర్యాదు లేదు, ఇకమీదట ఏమీ అడగము అని.

ఈ దర్జీ మన ఊహ. ఆ తెల్ల కాగితం మాత్రం ఊహ కాదు. రోడ్డు ప్రమాదాల్లో దెబ్బతిన్న బీద కుటుంబాల ముందుకు అది ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. సంతకం పెట్టాలా, వద్దా? పెట్టకపోతే ఆ తర్వాత చేయవలసింది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ప్రతి ఇంట్లోనూ ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే ఆ కాగితం ముందుకు వచ్చే సమయానికి ఆలోచించే స్థితిలో ఎవరూ ఉండరు.

తఖ్‌దీర్ వేరు, హక్కు వేరు

మన కుటుంబాల్లో కొందరు నష్టపరిహారం అడగడానికే సంకోచిస్తారు. "మన రాత అలా ఉంది, ఒకరి దగ్గర డబ్బు గుంజడం ఎందుకు?" అంటారు. కష్టం వచ్చినప్పుడు సబ్ర్ వహించడం గొప్ప గుణమే. అయితే సబ్ర్ అంటే హక్కును వదులుకోవడం కాదు. పొరపాటున ఒకరి ప్రాణం పోతే, అతని కుటుంబానికి దియత్ చెల్లించాలని దివ్య ఖుర్ఆన్ నిసా సూరా ఆదేశించింది. ఆ కుటుంబం తమంతట తాము మాఫీ చేస్తే అది వేరే సంగతి. అవయవాలకు కలిగే గాయాలకు చెల్లించే పరిహారాన్ని ఫిఖ్ పండితులు 'అర్ష్' అంటారు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం పద్ధతి వేరు, లెక్క వేరు. కాని ఒకరి అజాగ్రత్త వల్ల మరొకరికి నష్టం జరిగితే ఆ నష్టం పూడ్చవలసిందే అన్న మాట మనకు కొత్తది కాదు.

మాఫీ చేయదలచుకున్నవారు చేయవచ్చు. కాని తనకు రావలసింది ఎంతో తెలిసి వదులుకోవడం మాఫీ. తెలియక సంతకం పెట్టడం మాఫీ కాదు, మోసపోవడం. పైగా ఆ సొమ్ములో పిల్లల అన్నం ఉంది, తల్లి మందులు ఉన్నాయి.

ఇంకో విషయం కూడా గమనించాలి. పరిహారం చాలా సందర్భాల్లో ఎదుటి మనిషి జేబులోంచి రాదు. రోడ్డు మీద తిరిగే ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెబుతోంది. ఆ బీమా ఉన్నది ఇటువంటి దర్జీ కోసమే. కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్న కారు యజమానికి కూడా చాలాసార్లు ఈ సంగతి తెలియదు.

మొదటి గంట

అన్నిటికంటే ముందు ప్రాణం. 108కి గాని, 112కి గాని ఫోను చేయాలి. రోడ్డున పోయేవారు సాయం చేయడానికి జంకనక్కరలేదు. 2019లో చట్టంలో చేర్చిన 134-ఎ సెక్షన్ ప్రకారం, క్షతగాత్రుణ్ణి మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదు. పేరు చెప్పమనీ, సాక్ష్యం చెప్పమనీ వారిని బలవంతపెట్టరాదు.

డబ్బు కట్టనిదే చేర్చుకోమంటారేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. పథకంలో చేరిన ఆసుపత్రిలో, ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, ఒక్కొక్కరికి లక్షా 50 వేల రూపాయల దాకా చికిత్స పొందవచ్చు. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఈ పథకం పేరు చెప్పి అడగాలి. అడగకపోతే చెప్పేవారు ఉంటారన్న నమ్మకం లేదు.

ఆసుపత్రిలో డాక్టరుతో "బండి మీంచి పడ్డాడు" అని చెప్పవద్దు. తొందరలోనో, పోలీసుల గొడవ ఎందుకనో చాలామంది అలా చెబుతారు. కారు గుద్దింది అని, నంబరు తెలిస్తే నంబరుతో సహా చెప్పాలి. దాన్ని డాక్టరు మెడికో లీగల్ రిజిస్టరులో రాస్తారు. మొదటి రోజు రాసిన ఆ ఒక్క వాక్యం, రెండేళ్ల తర్వాత ట్రిబ్యునల్‌లో నలుగురు సాక్షులకంటే గట్టిగా నిలబడుతుంది. తప్పుగా రాయించుకుంటే అదే వాక్యం మన మెడకు చుట్టుకుంటుంది.

వీలుంటే బంధువుల్లో ఒకరు ప్రమాద స్థలానికి వెళ్లి ఫొటోలు తీయాలి. కారు నంబరు ప్లేటు, రెండు వాహనాలు పడి ఉన్న తీరు, రోడ్డు మీద టైర్ల గుర్తులు, మలుపు, దగ్గరలో ఉన్న కొట్టు, ఆ కొట్టుకు కెమెరా ఉంటే అది. కెమెరాల్లో బొమ్మలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. కారు నంబరు చేతిలో ఉంటే, ప్రభుత్వం వారి ఎంపరివాహన్ యాప్‌లో ఆ వాహనం బీమా ఎప్పటి వరకు ఉన్నదీ చూసుకోవచ్చు.

ఎఫ్ఐఆర్ లేకపోతే...

పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వడం ఎదుటివాణ్ణి జైల్లో పెట్టించడం కోసం అనుకోరాదు. పరిహారానికి అది పునాది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అజాగ్రత్తగా వాహనం నడపడం 281వ సెక్షన్ కింద, దానివల్ల గాయాలు కావడం 125వ సెక్షన్ కింద నేరాలు. ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోవాలి. బాధితుడు ఆపరేషన్ బల్ల మీద ఉన్నందువల్ల ఫిర్యాదు రెండు మూడు రోజులు ఆలస్యమైందా? భయపడనక్కరలేదు. ఆలస్యమైన ఒక్క కారణంతో పరిహారం కేసును తోసిపుచ్చరాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఆలస్యానికి కారణం మాత్రం ఫిర్యాదులో రాయించాలి.

2022 ఏప్రిల్ 1 నుంచి పోలీసుల బాధ్యత పెరిగింది. కొత్త నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక పంపాలి. బాధితుని హక్కులు ఏమిటో తెలిపే పత్రాన్ని 10 రోజుల్లో అతనికి అందజేయాలి. బాధితుడు కూడా తన ఆదాయం, చికిత్స, కుటుంబం వివరాలను 60 రోజుల్లో నిర్ణీత ఫారంలో ఇవ్వాలి. ఈ నిబంధనలు దేశమంతటా కచ్చితంగా అమలు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఆదేశించింది. కనుక "మా కేసులో మొదటి నివేదిక వెళ్లిందా?" అని స్టేషన్‌లో వినయంగా అడిగే హక్కు మనకు ఉంది.

ఇంట్లో ఒక ఫైలు పెట్టుకోండి. అందులో ఉండవలసినవి ఇవి:

ఎఫ్ఐఆర్ నకలు, తర్వాత ఛార్జిషీటు నకలు.

డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, స్కానింగులు.

ప్రతి మందుల బిల్లు. చిన్న బిల్లని పారేయవద్దు.

ఆసుపత్రికి తిరిగిన ఆటో, కారు కిరాయి రసీదులు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఇచ్చే వాహన తనిఖీ నివేదిక.

రెండు వాహనాల ఆర్సీ, బీమా, డ్రైవర్ల లైసెన్సుల నకళ్లు.

బాధితుని ఆధార్, వయసు రుజువు, బ్యాంకు పాసుపుస్తకం.

ఏ బీమా ఎవరికి వర్తిస్తుంది?

"బండికి ఇన్సూరెన్స్ ఉంది" అంటే అందరికీ అన్నీ వస్తాయనుకోవడం పెద్ద పొరపాటు. థర్డ్ పార్టీ పాలసీ, ఆ వాహనం వల్ల బయటివారికి కలిగే నష్టానికి. మన దర్జీకి వర్తించేది కారుకు ఉన్న థర్డ్ పార్టీ పాలసీ. అతని మోటారు సైకిలు పాలసీ కాదు.

అదే అతను ఎవరూ గుద్దకుండా తనే జారిపడితే? అప్పుడు తన పాలసీలో యజమాని - డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా ఉందా అన్నది చూడాలి. దాని మొత్తాన్ని బీమా నియంత్రణ సంస్థ 2018లో 15 లక్షల రూపాయలకు పెంచింది. అది ప్రాణం పోయినప్పుడు, లేదా కాలు, చేయి, కన్ను వంటివి శాశ్వతంగా పోయినప్పుడు మాత్రమే ఉపయోగపడుతుంది. వెనుక భార్య కూర్చుని ఉండి, ఆమెకు దెబ్బ తగిలితే? కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉన్న మోటారు సైకిలుపై వెనుక కూర్చున్నవారికి ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లో తేల్చింది. సమగ్ర పాలసీ అయితే వర్తిస్తుంది. కొన్ని వందల రూపాయలు మిగులుతాయని థర్డ్ పార్టీ మాత్రమే తీసుకునేవారు, తమ వెనుక కూర్చునేది ఎవరో ఒకసారి ఆలోచించుకోవాలి.

సరుకుల బండి ఎక్కడం మరీ ప్రమాదం. నికాహ్‌కో, ఉర్సుకో వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ మినీ వ్యానులోనో, ట్రాక్టరు ట్రాలీలోనో ఎక్కడం మన ప్రాంతంలో మామూలు. సరుకు రవాణా వాహనంలో, సరుకు యజమాని లేదా అతని తరఫు మనిషి తప్ప, ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా సంస్థ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2003లో స్పష్టం చేసింది. అలాంటి బండి లోయలో పడితే పరిహారం భారం బండి యజమాని ఒక్కడి మీదే పడుతుంది. అతనికి ఆస్తి లేకపోతే కోర్టు తీర్పు కాగితం మీదే ఉండిపోతుంది. చింతపల్లి ఘాట్ ఎక్కేవారు ఈ మాట మరవవద్దు.

ఎదుటి డ్రైవరుకు సరైన లైసెన్సు లేదని బీమా సంస్థ చేతులెత్తేస్తే? అప్పుడు కూడా బాధితుడు వట్టి చేతులతో వెళ్లనక్కరలేదు. ముందు బాధితునికి చెల్లించి, తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవాలని బీమా సంస్థను ఆదేశించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఆటోలు, చిన్న వ్యానులు నడిపే మన సోదరులకు ఇంకో ఊరట ఉంది. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు, మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది.

గుద్ది పారిపోయిన బండి ఏదో తెలియకపోతే? తీవ్ర గాయాలకు 50 వేల రూపాయలు, మరణానికి 2 లక్షల రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దీనికి కోర్టుకు వెళ్లనక్కరలేదు. రెవెన్యూ సబ్ డివిజన్ అధికారి విచారిస్తారు. నర్సీపట్నం రెవెన్యూ డివిజన్ కేంద్రమే కనుక, చుట్టుపక్కల మండలాలవారు అక్కడి ఆర్డీవో కార్యాలయంలో విచారించుకోవాలి.

కాలు విలువ ఎంత?

ఇక అసలు లెక్కకు వద్దాం. ఆరు నెలల తర్వాత మన దర్జీ కర్ర సాయంతో లేచాడు. కుడికాలు మునుపటిలా వంగదు. గంటసేపు మిషను తొక్కితే వాపు వస్తుంది. కాలికి 40 శాతం వైకల్యం ఉందని మెడికల్ బోర్డు ధ్రువపత్రం ఇచ్చింది.

చట్టం చూసేది కాలు ఎంత శాతం పోయిందన్నది ఒక్కటే కాదు. ఆ కాలు పోవడం వల్ల అతని సంపాదన ఎంత పోయిందన్నది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను ఉదాహరణతో వివరించింది. ఎడమ చేయి పోయిన వడ్రంగి జీవనాధారం దాదాపు పూర్తిగా పోయినట్టే. అదే ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం పోకపోవచ్చు. చేయి ఒక్కటే అయినా నష్టం ఒక్కటి కాదు. దర్జీ కాలు కూడా అంతే. కాబట్టి ట్రిబ్యునల్ ముందు "నా కాలు విరిగింది" అంటే చాలదు. "నేను ఈ కాలితో మిషను తొక్కి బతికేవాణ్ణి" అని రుజువు చేయాలి. ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరు చేత కూడా ఆ సంగతి సాక్ష్యంగా చెప్పించాలి.

"నాకు జీతం చిట్టీ లేదు, ఇన్‌కం టాక్సు లేదు, ఆదాయం ఎలా చూపించను?" అని దర్జీ అడుగుతాడు. పండ్ల బండి నడిపేవారు, మెకానిక్కులు, మాంసం కొట్టువారు అందరూ అడిగే ప్రశ్న ఇదే. కర్ణాటకలో కాలు పోగొట్టుకున్న ఒక ముస్లిం కూరగాయల వ్యాపారి కేసు 2014లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ట్రిబ్యునల్ అతని ఆదాయాన్ని నెలకు 3,500 రూపాయలుగా లెక్కగట్టింది. కూరగాయలు అమ్ముకునేవాణ్ణి ఆదాయపు రుజువు తెమ్మనడం సరికాదని, సుప్రీంకోర్టు దాన్ని 6,500 రూపాయలు చేసింది. అయినా మన దగ్గర ఉన్నవి చూపాలి. కొట్టు అద్దె రసీదు, కరెంటు బిల్లు, ఫోన్‌పే ఖాతా జమలు, ఖాతాదారుల సాక్ష్యం, మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు ఉంటే అది.

ఇప్పుడు దర్జీ ఆదాయం నెలకు 12,000 రూపాయలని, సంపాదన శక్తిలో 30 శాతం పోయిందని ట్రిబ్యునల్ నమ్మిందనుకుందాం. 40 ఏళ్ల లోపు స్వయం ఉపాధివారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడు నెలకు 16,800. ఏడాదికి 2,01,600. అందులో 30 శాతం 60,480. 31 నుంచి 35 ఏళ్ల వయసువారికి 16 రెట్లు లెక్కించాలని 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు పట్టిక ఇచ్చింది. 60,480ని 16తో గుణిస్తే 9,67,680 రూపాయలు.

ఇది సంపాదన నష్టం ఒక్కటే. ఆసుపత్రి ఖర్చు, మందులు, కిరాయిలు, బలమైన ఆహారం, దగ్గర ఉండి చూసుకున్న మనిషి కష్టం, పని లేని ఆరు నెలల సంపాదన, ముందు ముందు చేయించవలసిన ఆపరేషను, పడిన నొప్పి వేరు. ప్రతి కేసులోనూ ఇంతే వస్తుందని కాదు. తప్పు మనవైపు కొంత ఉంటే ఆ మేరకు తగ్గిస్తారు. కాని ఆసుపత్రిలో చూపించిన 25 వేలకూ, దీనికీ ఎంత దూరమో చూడండి.

గృహిణులకు దెబ్బ తగిలితే "ఆమెకు సంపాదనేముంది?" అనే మాట ఇక చెల్లదు. ఇంటి పనికి కూడా ఆదాయం లెక్కగట్టాలని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో, చివరికి 2021 జనవరిలో కూడా నొక్కి చెప్పింది. మోటారు సైకిలు మీద ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో పరిహారం కోయరాదనీ, ప్రమాదానికి అది ఎలా కారణమైందో చూపాలనీ 2020లో చెప్పింది. అలాగని ముగ్గురు ఎక్కమని కాదు. ప్రాణం తీర్పులకంటే విలువైనది.

ఎక్కడ, ఎప్పుడు వేయాలి?

అర్జీ వేయవలసింది మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో. కారు హైదరాబాదువారిదైనా అక్కడికి పోనక్కరలేదు. ప్రమాదం జరిగిన చోటు గాని, బాధితుడు నివసించే చోటు గాని పరిధిలో ఉన్న ట్రిబ్యునల్‌లో వేయవచ్చు.

గడువు విషయంలో జాగ్రత్త. 2022 ఏప్రిల్ నుంచి, ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు అర్జీ వేయాలన్న నిబంధన వచ్చింది. దాన్ని సవాలు చేసిన కేసుల్లో, గడువు దాటిందని అర్జీలను కొట్టివేయవద్దని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అయితే మధ్యంతర ఆదేశం తుది తీర్పు కాదు. దాన్ని నమ్ముకుని కూర్చోకుండా 6 నెలల్లోపే వేయడం తెలివైన పని. ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న సోదరి ఇద్దత్‌లో ఉంటే, ఆ 4 నెలల 10 రోజులు గడువులోనే గడిచిపోతాయి. ఆమె కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు. వకాలత్ మీద ఇంట్లోనే సంతకం చేసి, నమ్మకమైన మనిషికి అధికారం ఇవ్వవచ్చు.

164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే తీవ్ర గాయాలకు రెండున్నర లక్షలు, మరణానికి 5 లక్షలు పొందే వీలుంది. త్వరగా చేతికి వస్తుందని ఆశ పడతాం. కాని ఆ మొత్తానికి ఒప్పుకుంటే, పెద్ద పరిహారం కోసం వేసిన 166వ సెక్షన్ అర్జీ రద్దయిపోతుంది. శాశ్వత వైకల్యం మిగిలేటట్టు ఉంటే, డాక్టరునూ వకీలునూ అడగకుండా ఒప్పుకోరాదు.

ఆసుపత్రి గేటు దగ్గరే "వచ్చినదాంట్లో ఇంత శాతం నాకివ్వండి, మిగతాదంతా నేను చూసుకుంటా" అనే దళారులు తగులుతారు. పరిహారంలో వాటా మీద కేసు పట్టడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారమే నిషిద్ధం. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకుని, ఖాళీ కాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టకుండా ఉండాలి. మహిళలు, పిల్లలు, వికలాంగులు, తక్కువ ఆదాయం ఉన్నవారు న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు.

రాజీ చెడ్డది కాదు. రాజీకి సరైన చోటు లోక్ అదాలత్. గాయం కుదిరి, వైకల్యం ఎంతో తేలి, కాగితాలన్నీ చేతిలో ఉన్నప్పుడు అక్కడ బీమా సంస్థతో కూర్చుని ఒక మొత్తానికి రావచ్చు. ఏళ్ల తరబడి తిరగడం తప్పుతుంది. అయితే లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదు. కనుక ఒప్పుకునే ముందు లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

కోర్టు ఇచ్చే మొత్తంలో అర్జీ వేసిన నాటి నుంచి వడ్డీ కూడా కలుస్తుంది. ఆ భాగం ఏం చేయాలన్న సందేహం ఉన్నవారు తమకు నమ్మకమైన ఆలింను అడిగి నడుచుకోవాలి. ఆ ఒక్క సందేహంతో అసలు హక్కునే వదులుకోవడం తగదు.

స్టీరింగు మన చేతిలో ఉంటే...

ఇంతవరకు దెబ్బ తిన్నవారి సంగతి. గుద్దిన కారు మనదే అయితే? పారిపోవడం నేరమే కాదు, ఒక ప్రాణాన్ని రోడ్డు మీద వదిలేయడం. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం, బీమా సంస్థకు పాలసీ నంబరుతో సహా తెలియజేయడం డ్రైవరు విధులని చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. జనం మీద పడతారన్న భయం ఉంటే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లాలి. నడిపింది తమ్ముడైతే లైసెన్సు ఉంది కదా అని అన్న పేరు రాయించవద్దు. అది అబద్ధపు సాక్ష్యం. బయటపడితే బీమా కూడా పోతుంది.

మైనరు పిల్లవాడికి తాళాలు ఇచ్చే తండ్రులు 199-ఎ సెక్షన్ గుర్తుంచుకోవాలి. మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడేది బిడ్డకు కాదు, తండ్రికి లేదా వాహన యజమానికి. ఇక బీమా లేని బండి గుద్దితే పరిహారం మొత్తం యజమానే కట్టాలి. ఇల్లు, పొలం జప్తుకు వస్తాయి. కొత్త మోటారు సైకిలుకు 2018 సెప్టెంబరు నుంచి 5 ఏళ్ల థర్డ్ పార్టీ బీమా ముందే కట్టించుకుంటున్నారు. ఆరో ఏడు వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండదు. ఈ రోజే మీ బండి పాలసీ తీసి తేదీ చూడండి.

మళ్లీ ఆ కాగితం దగ్గరికి

ఆసుపత్రి మంచం మీద మన దర్జీ ఏమని జవాబు చెప్పాలి? కోపం అక్కరలేదు. "భాయ్, మీరు వచ్చి పలకరించారు, సంతోషం. వైద్యానికి సాయం చేస్తానంటే పుచ్చుకుని, ఇంత ముట్టిందని రసీదు రాసిస్తాను. ఇక ఏమీ అడగనని మాత్రం రాయను. నా కాలు ఎంత బాగవుతుందో ఇంకా డాక్టరుకే తెలియదు. మీ బీమా కాగితం నకలు ఇవ్వండి, మీకూ భారం ఉండదు" అంటే చాలు.

పక్కనున్న పెద్దలు కూడా సంతకం పెట్టమని తొందరపెట్టకుండా, ఒకరు స్టేషనుకు, ఒకరు మందుల కొట్టుకు, ఒకరు ప్రమాద స్థలానికి వెళ్లాలి. జమాఅత్‌లో చదువుకున్న యువకుడు ఒకడు ఆ ఫైలు బాధ్యత తీసుకుంటే ఆ కుటుంబానికి అంతకు మించిన ఉపకారం లేదు. రేపు ఆ దర్జీ కాలు కుట్టు మిషను మీద మునుపటిలా ఆడకపోవచ్చు. కాని అతని పిల్లలు బడి మానకుండా ఉండటం ఇవాళ దాచే ఆ కాగితాల మీదే ఆధారపడి ఉంది.